దొరిచ్చిన బట్ట: నటాల్‌లో మనవారి ఉద్యోగ దుస్తుల చరిత్ర

ఉగాది వచ్చినా, శ్రీరామనవమి వచ్చినా మన హాలు పట్టుచీరలతో గరగరలాడుతుంది. మగవారు ఏడాదికొకసారి పెట్టె అడుగునుండి జరీ పంచెలు తీస్తారు. పిల్లలు అడిగితే, ఇవి మన పూర్వీకుల దుస్తులు అని చెబుతాము. అది సగం నిజం. మన పూర్వీకులు ఈ నటాల్ గడ్డమీద వారానికి ఆరు రోజులు ఒంటిమీద వేసుకొన్నవి వేరు. గోనెపట్ట, ఖాకీ లాగు, గంజి పెట్టిన తెల్లకోటు, మిషను నూనె మరకల ఓవరాలు, ఆ తర్వాత ఎప్పటికో మెడలో టై. పట్టుచీర గురించి ఎన్నో సంచికలలో చదివాను. ఈ పనిబట్టల గురించి కూడా మనవారు నాలుగు మాటలు చదవాలనే కోరికతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నా తెలుగు సాయంత్రం తరగతిలో నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ముందుగా ఒక మాట సంగతి చెప్పాలి. తరగతిలో మా గురువుగారిని యూనిఫారానికి తెలుగు మాట ఏమిటని అడిగాను. "ఏకరూప దుస్తులు" అన్నారు. మంచి మాటే. కాని మా అవ్వ నోట నేను చిన్ననాడు విన్న మాట వేరు. ఆమె దాన్ని "దొరిచ్చిన బట్ట" అనేది. అంగట్లో కొని తెచ్చుకొన్నది "మన బట్ట". మా ఇంట్లో బట్టలన్నీ ఈ రెండు జాతులే. ఉతికేటప్పుడు కూడా రెండూ ఒక తొట్టిలో వేయనిచ్చేది కాదు.

1860 నవంబరు 16 న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. ఆనాటి డర్బన్ పత్రిక ఆ దిగుడును వేడుకగా వర్ణించింది. మగవారి పెద్ద పెద్ద పాగాలు, బోసి కాళ్ళు, ఆడవారి జుట్టు, కళ్ళు, అన్నీ వ్రాసింది. ఈ దేశంలో మనవారిని గురించి అచ్చులో పడిన మొదటి వివరాలలో బట్టల ముచ్చట ఉంది. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది గిర్మిట్ కూలీలు నటాల్‌కు వచ్చారు. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెల పేర్లు ఆ ఓడల పట్టీలలో చాలా కనబడతాయి. ఆ పట్టీలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాసి ఉంటాయి. మచ్చలు వ్రాసిన గుమాస్తా బట్టలు వ్రాయలేదు. మచ్చ మారదు, బట్ట మారుతుంది. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి బట్ట పనికిరాదు.

చెరకు తోటలో మొదటి ఏడు మగవాడి జీతం నెలకు 10 షిల్లింగులు. ఏటికొక షిల్లింగు పెంపు. ఆడవారికి అందులో సగం. ఆ జీతంతో ఎవరూ పనికొక బట్ట, ఇంటికొక బట్ట కొనలేరు. కాని చెరకు పని ఎటువంటిదో తెలిసినవారికి తెలుసు. చెరకాకు అంచు కత్తిలా కోస్తుంది. కోతకు ముందు తోటకు నిప్పు పెడితే ఒంటినిండా మసి. అందుచేత మనవారు చేతికి దొరికినది కట్టుకొన్నారు. మా తాత తొంగాట్ తోటల్లో పని చేశారు. గోనెసంచి అడుగు చింపి, రెండు పక్కలా చేతులకు కంతలు చేసి తొడుక్కొనేవారట. వానాకాలం సంచి ఒక మూలను మరొక మూలలోకి తోసి తలమీద గొంగళిలాగ వేసుకొనేవారట. అవ్వ చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా ఎగగట్టి, పైన గోనెపట్ట నడుముకు బిగించేది. "చీర చిరిగితే కొనాలి, గోనె చిరిగితే ఇంకో గోనె" అనేది. ఇంతకంటె చక్కగా పనిబట్ట లక్షణం చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

తోటలో ఒకరికి మాత్రం బట్ట తేడాగా ఉండేది. అతడు సర్దారు. మనవాడే, మన భాషవాడే. తలకు పెద్ద పాగా, ఒంటిమీద కోటు, చేతిలో కర్ర. కోటు పాతది, దొర వాడి విడిచినది కావచ్చు. అయినా దూరం నుండి చూడగానే కూలీ ఎవరో, కూలీలమీద పెత్తనం ఎవరిదో తెలిసిపోయేది. బట్ట మనిషిని చలినుండి కాపాడటం ఒక పని. మనిషిని ఏ వరుసలో నిలబెట్టాలో చెప్పడం రెండో పని. నటాల్‌లో మన బట్టలు ఈ రెండో పనే ఎక్కువ చేశాయి.

ఈ సంగతి అందరికంటె స్పష్టంగా వ్రాసినవారు గాంధీగారు. ఆయన ఆత్మకథలో నటాల్ అధ్యాయాలను స్వాతంత్ర్య పోరాటం కోసం చదివేవారే ఎక్కువ. బట్టల కోసం ఒకసారి చదివి చూడండి. 1893 మే నెలలో ఆయన డర్బన్‌లో దిగినప్పుడు ఒంటిమీద ఫ్రాక్ కోటు, తలమీద వంగదేశపు వారి తీరు పాగా. రెండు మూడు రోజులకు దాదా అబ్దుల్లా సేఠ్ ఆయనను కోర్టు చూపించడానికి తీసుకువెళ్ళారు. మేజిస్ట్రేటు పాగా తీయమన్నాడు. గాంధీగారు తీయక బయటికి వచ్చేశారు. అక్కడి ఏర్పాటు విచిత్రమైనది. మహమ్మదీయ వేషంలో ఉన్నవారు కోర్టులో పాగా ఉంచుకోవచ్చు. మిగిలిన హిందూదేశస్థులు తీయాలి. వ్యాపారులు తాము అరబ్బులమని చెప్పుకొనేవారు, పార్సీ గుమాస్తాలు పర్షియావారమని చెప్పుకొనేవారు. తమిళులు, తెలుగువారు, ఉత్తర హిందూస్థాన కూలీలు అందరికంటె ఎక్కువమంది అని గాంధీగారే వ్రాశారు. వీరికి చెప్పుకోవడానికి మరో దేశం పేరు లేదు. వీరందరూ "కూలీ", లేదా "సామి".

గొడవ ఎందుకని, పాగా మానివేసి ఇంగ్లీషు టోపీ పెట్టుకొందామా అని గాంధీగారు ఆలోచించారు. అప్పుడు అబ్దుల్లా సేఠ్ చెప్పిన సలహా మన హోటలు పనివారి మనుమలందరూ తెలుసుకోవలసినది. పాగా నీ తలకు బాగుంది, ఇంగ్లీషు టోపీ పెడితే నిన్ను వెయిటరు అనుకొంటారు అన్నాడు. ఆ కాలంలో ఇక్కడ పుట్టిన క్రైస్తవ యువకులు, గిర్మిట్ కూలీల బిడ్డలే, ఇంగ్లీషు దుస్తులు వేసుకొని హోటళ్ళలో వెయిటర్లుగా బ్రతికేవారు. అంటే 1893 నాటికే డర్బన్‌లో సూటు, టోపీ ఉన్న హిందూదేశస్థుడు కనబడితే ఇతడు వెయిటరు అని జనం అనుకొనేవారన్నమాట. సూటు వేసుకొంటే దొరలాగ చూస్తారని ఆశపడినవాడు, సూటు వేసుకొన్నందుకే పనివాడి కింద లెక్కకు వచ్చాడు.

మరుసటి ఏడు, 1894 లో, గాంధీగారు నటాల్ సుప్రీంకోర్టులో అడ్వొకేటుగా చేరారు. ప్రమాణం చేయగానే ప్రధాన న్యాయమూర్తి, ఇప్పుడు పాగా తీయండి, కోర్టు నియమం ఇది అన్నారు. ఈసారి ఆయన తీశారు. అబ్దుల్లా సేఠ్‌కు, మిత్రులకు అది నచ్చలేదు. పెద్ద పోరాటాలకు బలం దాచుకోవాలని ఆయన సమాధానం. నా మట్టుకు నాకు ఈ రెండో సంఘటన మొదటిదానికంటె ఎక్కువ ఆలోచింపజేస్తుంది. చూడడానికి వచ్చినవాడు తలపాగా కోసం లేచి వెళ్ళిపోగలడు. ఉద్యోగంలో చేరినవాడు ఆ పని చేయలేడు. మన ఇళ్ళలో ఉద్యోగం చేసిన ప్రతివారికీ ఈ సంకటం తెలుసు.

ఆ ఏడే బాలసుందరం అనే గిర్మిట్ కూలీ ఆయన ఆఫీసుకు వచ్చాడు. తమిళుడు. యజమాని కొట్టిన దెబ్బలకు ముందు పళ్ళు రెండు విరిగాయి. చిరిగిన బట్టలు, నోటినుండి రక్తం. అంత బాధలోనూ తలగుడ్డ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. గిర్మిట్ వాడు తెల్లవాడి ఎదుటికి వెళితే తలమీది టోపీగాని, పాగాగాని, రుమాలుగాని తీయాలి. రెండు చేతులా దండం పెట్టినా చాలదు. గాంధీగారి ఎదుట కూడా అదే అలవాటు. ఆయన తలగుడ్డ కట్టుకోమన్నారు. బాలసుందరం సంకోచిస్తూనే కట్టుకొన్నాడు, అతని ముఖంలో సంతోషం తనకు కనబడిందని గాంధీగారు వ్రాశారు. మన దేశంలో పెద్దవారి ఎదుట తల కప్పుకోవడం మర్యాద. ఈ దేశంలో తల విప్పడం మర్యాద. ఏది మర్యాదో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో వారి మర్యాదే చెల్లింది.

1897 జనవరి 13 న గాంధీగారు భార్యాబిడ్డలతో మళ్ళీ డర్బన్‌లో దిగారు. నాగరికులుగా కనబడాలని ఓడ ఎక్కే ముందే కస్తూర్బాకు పార్సీ పద్ధతి చీర, పిల్లలకు పార్సీ కోటు, పంట్లాము, అందరికీ బూట్లు, మేజోళ్ళు ఏర్పాటు చేశారు. మేజోళ్ళు చెమటకు కంపు కొట్టేవని, వేళ్ళు పుండ్లు పడేవని ఆయనే వ్రాశారు. డర్బన్ ఎండలో మేజోళ్ళతో నలభై ఏళ్ళు ఉద్యోగం చేసినవారు ఈ వాక్యం చదివి నవ్వుకొంటారు. దిగిన రోజే తెల్లవారి గుంపు ఆయనను కొట్టింది. ఆ రాత్రి రుస్తుంజీ సేఠ్ ఇంటిచుట్టూ గుంపు మూగితే, పోలీసు సూపరింటెండెంటు సలహామీద ఆయన హిందూదేశపు కానిస్టేబులు యూనిఫారం తొడిగి, ఇనుప టోపీకి బదులు తలమీద పళ్ళెం బోర్లించి, దానిచుట్టూ మద్రాసు రుమాలు చుట్టుకొని తప్పించుకొన్నారు. మన పక్క రుమాలు గాంధీగారి తల కాపాడింది. ఇది నా చమత్కారమే గాని సంఘటన నిజం. కానిస్టేబులు దుస్తులలో ఉన్న మనవాణ్ణి గుంపు కన్నెత్తి చూడలేదు. పనిబట్టలో ఉన్న మనిషి కనబడడు. ఆ రాత్రి అది ఆయనకు మేలయింది. మిగిలిన రోజులలో ఆ బట్టలలో బ్రతికినవారికి అది మేలో కీడో వారే చెప్పాలి.

1913 లో మూడు పౌన్ల పన్నుకు విరుద్ధంగా బొగ్గు గనులలో, చెరకు తోటలలో సమ్మె జరిగింది. కాల్పులలో కూలీలు చనిపోయారు. డిసెంబరులో జైలునుండి వచ్చిన గాంధీగారు డర్బన్ సభకు సూటు విడిచి, గిర్మిట్ కూలీ దుస్తులలో, చెప్పులు లేకుండా వచ్చారు. ఇరవై ఏళ్ళ క్రితం ఫ్రాక్ కోటుతో దిగిన బారిస్టరు మన తాతల బట్ట కట్టాడు. 1914 లో ఆ పన్ను పోయింది. మన తాతలు మాత్రం ఆ బట్ట విడిచి సూటు కొనుక్కోవడానికి తొందరపడ్డారు. అందులో వింత ఏమీ లేదు. పేదవాడి బట్ట కావాలని కట్టుకోవడం వేరు, వేరే లేక కట్టుకోవడం వేరు.

ఇక హోటళ్ళ సంగతికి వస్తాను. మా నాయన ముప్ఫై ఏళ్ళకు పైగా డర్బన్‌లో సముద్రపు ఒడ్డున ఒక పెద్ద హోటలులో వెయిటరు. తెల్లని కోటు, తెల్లని పంట్లాము, భుజం మీదనుండి నడుముదాకా రంగు పట్టీ, తలమీద పాగా. ఇక్కడ చరిత్ర ఆడిన పరిహాసం చూడండి. కోర్టులో మనవాడి పాగా దింపమన్నవారే హోటలులో పాగా ఎక్కించమన్నారు. మా తాతకు పాగా అలవాటు, నాయనకు లేదు. ఆయన ఇక్కడ పుట్టి, స్కూలుకు క్రాపు దువ్వుకొని వెళ్ళినవారు. అతిథులకు తూర్పుదేశపు వేడుక కనబడాలని హోటలు ఆయన తలకు పాగా చుట్టింది. అది చుట్టిన పాగా కూడా కాదు, ముందే కుట్టిన టోపీ వంటిది. ఆ తెల్లబట్టకు మూడు పూటలా లెక్క ఉండేది. గోళ్ళు, కాలరు, బూట్లు వరుసలో నిలబెట్టి చూసేవారు. మరక ఉంటే జీతంలో కోత. గ్రేవీ చుక్క పడిన రోజు అమ్మ రాత్రి పదింటికి నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దేది. గంజి వార్చిన నీళ్ళు మా ఇంట్లో ఎప్పుడూ పారబోయలేదు.

ఇప్పుడు అబ్దుల్లా సేఠ్ మాట మళ్ళీ జ్ఞాపకం చేసుకోండి. మా నాయన ఇంటినుండి బయలుదేరేటప్పుడు మూడు ముక్కల సూటు, టై, తలమీద ఫెల్టు టోపీ. తెల్లబట్ట కాగితంలో చుట్టి సంచిలో. హోటలు వెనక గదిలో మార్చుకొనేవారు, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ సూటు. ఆయన తోటివారందరూ అంతే. బస్సులో చూసినవారికి వారు బ్యాంకు మేనేజర్లు. మా పేటలో పిల్లలం వారిని చూసి పక్కకు తప్పుకొనేవాళ్ళం. గ్రే స్ట్రీటు దర్జీల దగ్గర నెలనెలా కొంచెం కట్టే పద్ధతిమీద ఆ సూట్లు కుట్టించుకొనేవారు. సూటు ఖరీదు రెండు నెలల జీతం అని అమ్మ సణిగేది. అది డాంబికమని నేను అనను. పన్నెండు గంటలు దొరిచ్చిన బట్టలో నిలబడే మనిషి, దారిలో రెండు గంటలైనా తన బట్టలో నడవాలనుకొన్నాడు.

ఆ కాలరుల తెలుపు వెనక కూడా మనవారే ఉన్నారు. ఉమ్గేని నది ఒడ్డున బండలమీద డర్బన్ తెల్లవారి చొక్కాలు ఉతికినది హిందూదేశపు చాకలివారు. ఆఫీసుకు తెల్లని కాలరుతో వెళ్ళే దొర నాగరికత ఆ బండలమీద తయారయ్యేది. ఈ విషయం మీద ఎవరైనా పూనుకొని వేరే వ్యాసం వ్రాయాలి.

బడిపంతుళ్ళ దుస్తులకు వేరే కథ. 1925 లో నటాల్ ఇండియన్ టీచర్స్ సొసైటీ ఏర్పడింది. 1929 లో శాస్త్రి కాలేజీ తెరిచారు. భారత ప్రభుత్వ ఏజెంటుగా వచ్చిన శ్రీనివాస శాస్త్రిగారి కృషి అది. ఆయన తలపాగాతోనే తెల్లవారి సభలలో మాట్లాడి మెప్పు పొందారు. ఆయన తరువాతి ఏజెంటు మన తెలుగువారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. ఆయన ఇక్కడ ఉన్న కాలంలోనే, 1931 లో, ఆంధ్ర మహాసభ పుట్టింది. వీరిని చూసి మనవారు తలపాగాలు తిరిగి పెట్టారా అంటే లేదు. ఏజెంటుగారి పాగా వెనక ఒక ప్రభుత్వం ఉంది. ఇక్కడి పంతులు వెనక ఎవరూ లేరు. ఆయనకు తెల్ల ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వస్తాడో తెలియదు. జీతం తెల్ల పంతులు జీతంకంటె తక్కువ, సూటు మాత్రం తక్కువ ఉండకూడదు. ఆనాటి స్టాఫు ఫొటోలు చూడండి. రేకుల షెడ్డు ముందు, మట్టినేలమీద, మండుటెండలో, అందరూ మూడు ముక్కల సూట్లలో కూర్చొని ఉంటారు. వెనక గోడకు సున్నం లేదు. కాలరుకు మడత లేదు.

1961 లో హిందూదేశస్థులకు వేరుగా విశ్వవిద్యాలయ కళాశాల పెట్టినప్పుడు దాన్ని డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ద్వీపంలో, పాత నౌకాదళం బారకులలో పెట్టారు. అక్కడ చదివిన మా మేనమామ చెప్పేవారు, విద్యార్థులకు కోటు, టై తప్పనిసరి అని. పొద్దున్నే పడవలో ఉప్పుగాలికి టై ముఖంమీద కొట్టేదట. ఓటు లేదు, ఊరిలో నచ్చినచోట ఇల్లు కొనే హక్కు లేదు, టై మాత్రం ఉండాలి.

ఆడవారు జీతానికి బయటికి వెళ్ళడం తోటల కాలం తరువాత చాలా ఇళ్ళలో ఆగిపోయింది. మగవాడి జీతంతో ఇల్లు గడపడమే గౌరవం అనుకొన్నారు. డర్బన్ బట్టల ఫ్యాక్టరీలలో కూడా మొదట మిషన్లమీద ఎక్కువగా మన మగవారే కూర్చొనేవారు. 1950 తరువాత మెల్లగా, 1960 తరువాత జోరుగా ఆడవారు వచ్చారు. గ్రూప్ ఏరియాస్ చట్టం క్రింద ఊరినుండి కదిలించి చాట్స్‌వర్త్‌లో పడవేసిన తరువాత అద్దె, బస్సు ఛార్జీ ఒక జీతానికి అందలేదు. మాగజీన్ బారక్స్‌లో పుట్టి పెరిగిన మా మేనత్త చాట్స్‌వర్త్‌నుండి ఫ్యాక్టరీకి వెళ్ళింది. మొదటి వారం చీరతో వెళ్ళింది. పైట చెంగు మిషను చక్రంలో పడుతుందని రెండో వారానికే గౌను, పైన ఓవరాలు, జుట్టుకు గుడ్డ. ఇంట్లో పెద్ద రభస. మా తాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు అవ్వ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొంటారు: "తోటలో నేను మోకాళ్ళపైకి చీర ఎగగట్టినప్పుడు నీ పరువు ఎక్కడ పెట్టావు?" తాత మాట్లాడారు.

అత్త కుట్టినవి తెల్లవారి ఆఫీసు చొక్కాలు. రోజంతా కాలర్లు మాత్రమే కుట్టేది. ముప్ఫై ఏళ్ళలో ఒక పూర్తి చొక్కా కుట్టలేదని నవ్వేది. చొక్కాలో కాలరు కష్టమని, దాన్ని చూసి దర్జీని కొలవవచ్చునని చెప్పేది. మా నాయన తెల్లకోటు కాలరు తిరగేసి కుట్టడం ఆమె పనే. 1994 తరువాత దిగుమతి సుంకాలు తగ్గాయి, చౌక బట్టలు వచ్చాయి, ఆ ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. మన ఆడవారి మొదటి స్వంత జీతాలు ఆ మిషన్లమీదే వచ్చాయి. నన్ను చదివించినదీ ఆ జీతమే.

నేను 1984 లో టీచరుగా చేరాను. ఆ స్కూలు పేరు వ్రాయను. టీచరమ్మలకు గౌను, మేజోళ్ళు, లేదా చీర. పంట్లాము వేయరాదు. చీర కడితే పైట పిన్నుతో గుచ్చాలి, నడుము కనబడరాదు. ఫిబ్రవరి ఉక్కలో నైలాను మేజోళ్ళతో సుద్దముక్క పట్టుకొని ఆరు పీరియడ్లు నిలబడటం ఎటువంటిదో మగ హెడ్‌మాస్టరుకు తెలియదు. ఆయనకు టై బాధ ఉంది గాని కాళ్ళకు గాలి ఆడుతుంది. మేము కొందరం చీరలవైపు తిరిగాము. సంస్కృతి మీద ప్రేమతోనని మీరు అనుకొంటారు. మొదట మేజోళ్ళు తప్పించుకోవడానికి. ప్రేమ తరువాత వచ్చింది. నూలుచీర ఈ వాతావరణానికి సరిపోయే ఉద్యోగ దుస్తు అని కట్టినవారికే తెలుస్తుంది. 1990 ల చివరికి పంట్లాములూ, పంజాబీ డ్రెస్సులూ వచ్చాయి, ఎవరి స్కూలూ కూలిపోలేదు.

నేను ఉద్యోగంలో చేరే ముందు ఒక శ్రేయోభిలాషి, టీచరుగా వెళ్తున్నావు, ముక్కుపుడక తీసేయమ్మా, ఇన్‌స్పెక్టర్లకు నచ్చదు అని చెప్పారు. అలా తీసినవారు నా వయస్సువారిలో చాలామంది. కన్నం పూడిపోయింది. అందుచేత 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును నేను రెండుసార్లు చదివాను. డర్బన్‌లో ఒక ఉన్నత పాఠశాలలో తమిళ కుటుంబపు బాలిక సెలవులలో ముక్కు కుట్టించుకొని బంగారు ముక్కుపుడకతో వచ్చింది. యూనిఫారం నియమాలకు విరుద్ధమని స్కూలువారు తీయమన్నారు. తల్లి ఒప్పుకోలేదు. కేసు మూడు కోర్టులు దాటింది. చివరికి న్యాయస్థానం ఆమె పక్షాన చెప్పింది. మతం ఖచ్చితంగా విధించకపోయినా, మనసారా పాటించే ఆచారానికి కూడా రక్షణ ఉంది అన్నది. యూనిఫారం ఉండకూడదని అనలేదు. అందులో మనిషికి కొంచెం చోటు ఉండాలని అన్నది. తీర్పు వచ్చేనాటికి ఆ అమ్మాయి చదువు ముగిసిపోయింది. పాగా తీయమని కోర్టు చెప్పిన 1893 నుండి, ముక్కుపుడక ఉంచమని కోర్టు చెప్పిన 2007 వరకు, లెక్కవేస్తే 114 ఏళ్ళు.

ఇప్పుడు మన పిల్లలు డాక్టర్లు, అడ్వొకేట్లు, అకౌంటెంట్లు. నల్లగౌను, తెల్లకోటు తొడిగినరోజు ఫొటో తీసి గోడకు తగిలిస్తాము. చాలా సంతోషం. కాని ఆ పక్కన వెయిటరు తెల్లకోటు ఫొటో ఏ ఇంటిలోనూ నేను చూడలేదు. నాయన పోయిన తరువాత పెట్టె తెరిస్తే కోటు దొరికింది. మెడ పట్టీ లోపల చెరగని సిరాతో ఒక నంబరు ఉంది. పేరు లేదు. మా తమ్ముడు దాన్ని ఇవ్వడానికి సంచిలో పెట్టాడు, నేను తిరిగి తీశాను. మీ అటకమీద ఇటువంటివి ఉంటే, ఓవరాలు కావచ్చు, నంబరు బిళ్ళ కావచ్చు, గ్రే స్ట్రీటు దర్జీ రసీదు కావచ్చు, పారవేయకముందు ఎవరిదో, ఏ పనిదో, ఏ ఏళ్ళదో ఒక కాగితంమీద వ్రాసి పక్కన పెట్టండి. ఆ తరంవారు ఇంకా కొందరు ఉన్నారు, అడిగితే చెబుతారు.

నాయన ఫొటోలు మా దగ్గర పదకొండు ఉన్నాయి. అన్నిటిలోనూ సూటు. పాగాతో ఒక్కటీ లేదు, ఆయన తీయనివ్వలేదు. పాత వస్తువుల అంగట్లో ఒకసారి సముద్రతీరపు హోటలు పోస్టుకార్డు ఒకటి కొన్నాను. వరండాలో నలుగురు వెయిటర్లు పళ్ళేలు పట్టుకొని వరుసలో నిలబడి ఉన్నారు. ఎడమనుండి రెండో మనిషి నిలుచున్న తీరు మా నాయనదిలాగ ఉంటుంది. ముఖం చిన్నది, పాగా నుదుటిమీదికి దిగి ఉంది. అత్తకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, ముఖం సంగతి చెప్పలేను గాని ఆ కాలరు తిరగేసి కుట్టినది అని చెప్పింది.